ముఖం లేని ఫోటో

వాల్‌నట్ క్రీక్, ఒహాయో
1996 ఫిబ్రవరి 11

వెర్నా అక్కా,

నీ ఉత్తరం అందింది. అమ్మ దాన్ని నాచేత రెండుసార్లు చదివించుకుంది. కళ్ళజోడు విరిగిందని వంక పెట్టింది గానీ, ఆ కళ్ళజోడుతోనే పొద్దున నాన్న చొక్కాకి గుండీలు కుట్టింది. నాన్న జీను తోలు కోసుకుంటూ విననట్టే మొత్తం విన్నాడు. చివర్లో "కొలంబస్‌లో మంచు బాగా పడిందటా?" అన్నాడు. నువ్వు మంచు గురించి ఒక్క ముక్క కూడా రాయలేదు.

నువ్వు మమ్మల్ని ఫోటోలు తీస్తానన్న సంగతి మా కుర్రజట్టుతో మాట్లాడాను. "మనం ఇంకా సంఘంలో చేరలేదుగా, ఫోటోకి నిలబడకూడదన్న కట్టుబాటు మనకేం, తీసుకోమను" అన్నారు మగపిల్లలు. లియానా మాత్రం "నా మొహం పడితే మా అమ్మ నా తోలు ఒలిచి తీగ మీద ఆరేస్తుంది" అంది. ముఖాలు పడకుండా తీస్తావని చెప్పి ఒప్పించాను. ఏడెన్ ట్రోయర్ అయితే, "మీ అక్కని నా గుర్రాన్ని తియ్యమను, మా ఇంట్లో అందమంతా దానికే వచ్చింది" అన్నాడు. వాడికి నోరెక్కువ.

వాడి గురించి ఇంకో మాట ఉంది. నువ్వు వచ్చాక చెబుదామనుకున్నాను గానీ ఆగలేకపోతున్నాను. ఈ శరదృతువులో పెళ్ళి చేసుకుందామంటున్నాడు. అమ్మకి కూడా తెలియదు. సంఘంలో ప్రకటించేదాకా ఎవరికీ తెలియకూడదని నీకు చెప్పక్కర్లేదు కదా. పెళ్ళి కావాలంటే ముందు ఇద్దరం బాప్తిస్మం తీసుకోవాలి. మే నెలలో పాఠాలు మొదలవుతాయి, సెప్టెంబరులో బాప్తిస్మం. పాఠాలకి పేరిచ్చాక నేనిక ఏ కెమెరా ముందూ నిలబడను. అందుకని మార్చిలోనే రా. చెరువు మీద మంచుగడ్డ అప్పటిదాకా ఉంటే మా జారుడాట కూడా తియ్యొచ్చు.

నువ్వు వెళ్ళిపోయి ఏడేళ్ళయింది. బాప్తిస్మం తీసుకోకముందే వెళ్ళావు కాబట్టే ఇప్పటికీ మన బల్ల దగ్గర కూర్చుని తినగలుగుతున్నావని నాన్న అప్పుడప్పుడూ అంటాడు. అదే తీసుకున్నాక వెళ్ళి ఉంటేనా అని ఆగిపోతాడు. ఆ మిగతా మాట వినడం ఎవరికీ ఇష్టం ఉండదు.

నీ
రోజానా

---

కొలంబస్
ఏప్రిల్ 14

రోజానా,

మూడు వారాలుగా చీకటి గదిలోనే బతుకుతున్నాను. మా ఫోటో షాపు యజమానురాలు డొరతీ, "నువ్వు గబ్బిలానివి, కూలీదానివి కావు" అంటోంది. ఫోటోలు ఒక్కొక్కటే నీళ్ళలోంచి తేలుతుంటే మన వంటింటి వాసన వస్తున్నట్టే ఉంటుంది. నువ్వూ లియానా కుర్చీల వీపుల మీద నూడుల్స్ ఆరేస్తున్న ఫోటో. బండి సీటు కింద దాచిన రేడియో చుట్టూ నాలుగు గడ్డిటోపీలు. చెరువు గట్టున వరసగా విప్పిన బూట్లు, వాటిలో ఒకదానికి తాడు బదులు గడ్డికట్టలు కట్టే దారం. ఏడెన్ గుర్రం నిజంగానే అందంగా ఉంది, ఆ మాట అతనికి చెప్పు.

ఇక్కడివాళ్ళు మనల్ని చూసే చూపు నీకు తెలియదు. శనివారం కార్లలో వచ్చి, అద్దం దించి, బొమ్మల కొట్లో చూసినట్టు చూసిపోతారు. మీరు పోట్లాడుకుంటారనీ, పళ్ళికిలిస్తారనీ, పై అరలో పెట్టిన ఆపిల్ కేకు దొంగతనంగా తింటారనీ వాళ్ళకి ఊహే లేదు. నా ఫోటోల్లో అది ఉంది. దీని గురించి నాకు గర్వంగా ఉంది. గర్వం తప్పని నువ్వు అనబోతున్నావని తెలుసు, అనకు.

నువ్వడిగిన ఆ ఒక్కటి ఈ కవరులోనే పెట్టాను. తలంటుకుని, జుట్టు మోకాళ్ళదాకా వదిలేసి, కిటికీ ముందు నిలబడి "అక్కా, నా వెనకవైపు నేనెప్పుడూ చూసుకోలేదే, ఒక్కటి తియ్యవూ?" అన్నావు. తీశాను. నేను ఇన్నేళ్ళలో తీసిన వాటిలో ఇంత మంచిది ఇంకోటి లేదు. చూసుకో. ఫిల్ము కాల్చెయ్యమన్నావు కదా, ఆ సంగతి నేను చూసుకుంటాను.

వెర్నా

---

వాల్‌నట్ క్రీక్
జూన్ 9

వెర్నా అక్కా,

ఫోటో చూసుకున్నాను. ఇది ఎవరో అనిపించింది ముందు. తరవాత కాసేపు అలాగే చూస్తూ కూర్చున్నాను. నా భర్త తప్ప ఇంకెవరూ చూడకూడని జుట్టు కదా అది. భర్త కూడా ఇంకా చూడలేదు. అందుకని పొయ్యిలో వేసేశాను. కోపం తెచ్చుకోకు. ఫిల్ము కూడా కాల్చేశావా? పోయిన ఉత్తరంలో "చూసుకుంటాను" అని రాశావు, "కాల్చేశాను" అని రాయలేదు. సరిగ్గా రాయి.

పాఠాలు మొదలయ్యాయి. ఆదివారం ఆరాధనలో అందరూ మొదటి పాట అందుకోగానే మేం ఏడుగురం బోధకుల వెనక మేడమీది గదికి వెళ్తాం. కింద పాట సాగుతూనే ఉంటుంది, పైన మేం తలలు వంచుకుని వింటాం. బిషప్ ఏట్లీ నెమ్మదిగా మాట్లాడతాడు. "వెనక్కి తిరగాలంటే ఇప్పుడే తిరగండి, మాటిచ్చాక తప్పడం కంటే మాటివ్వకపోవడం మేలు" అంటాడు ప్రతిసారీ. ఏడెన్‌కి ఆ మాటకి చెవులు ఎర్రబడతాయి. ఈ మధ్య హాస్యాలు తగ్గించాడు. రేడియో అమ్మేశాడు. మొన్న మా దొడ్డి కంచె బాగుచెయ్యడానికి వచ్చి, అమ్మ చూడకుండా "నవంబరు రెండో గురువారం ఎలా ఉంటుంది?" అని అడిగాడు. పశువుల సంత గురించి అడిగినట్టు అడిగాడు. నేను బాగానే ఉంటుందన్నాను.

నాకు ఇది కావాలి అక్కా. ఎవరో తోస్తే వెళ్తున్నానని అనుకోకు.

ఫిల్ము సంగతి రాయి.

రోజానా

---

కొలంబస్
జులై 28

రోజానా,

ఆలస్యమైంది, మన్నించు. ఒక శుభవార్త. నా ఫోటోలు ఒక పత్రిక తీసుకుంది. ఎనిమిది పేజీలు! సెప్టెంబరు మొదట్లో వస్తుంది. ఊరిపేరు ఉండదు, మనుషుల పేర్లుండవు. ఏ ఒక్కరి ముఖమూ లేదని నేనే దగ్గరుండి చూశాను. లియానాకి కూడా చెప్పు, ఆమె తోలు క్షేమం.

మీ ఇద్దరి గురించి సంతోషంగా ఉంది. నవంబరు రెండో గురువారానికి సెలవు అడిగి పెట్టుకున్నాను.

వెర్నా

---

వాల్‌నట్ క్రీక్
సెప్టెంబరు 9

వెర్నా,

ఆ ఫోటో వేశావు.

పంటి నొప్పికి మిల్లర్స్‌బర్గ్ వెళ్ళిన ఫ్యానీ మాస్ట్ అక్కడ డాక్టరు గదిలో బల్ల మీద పత్రిక చూసింది. ఆమె నోట్లో నువ్వుగింజ నానదని నీకు తెలుసు. సాయంత్రానికి నాలుగిళ్ళు, మర్నాటికి మొత్తం సంఘం. ఏదో పేజీలో ఓ మూల కాదు, ఒక పేజీ నిండా నేనే. జుట్టు విరబోసుకుని.

ముఖం లేదంటావా? ముఖం ఎవరికి కావాలి? గౌను నడుం వెనక అమ్మ కుట్టే చిన్న గుడ్డముక్క ఎడమవైపుకి అర అంగుళం వాలి ఉంటుంది, అది జుట్టు పాయల మధ్య కనిపిస్తోంది. ఈ లోయలో అలా కుట్టేది అమ్మ ఒక్కతే. ఫ్యానీ అది చూసి, "ఇది రేబర్ వాళ్ళ రోజానా" అందట, ఊపిరి తీసుకోకుండా. దూరంగా వెళ్ళే బండిని గుర్రం నడకని బట్టి ఎవరిదో చెప్పే మనుషులం మనం. తీగ మీది బట్టలు చూసి ఆ ఇంట్లో ఎవరికి జ్వరమో చెబుతాం. ఏడేళ్ళలో నువ్వు వాళ్ళలాగే ముఖం చూస్తేనే మనిషి అనుకోవడం నేర్చుకున్నావు. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టుంది నీ పని.

అమ్మ ఆ పేజీని చాలాసేపు చూసింది. నేను తిడుతుందనుకున్నాను. "నీ జుట్టు మా అమ్మ జుట్టులా ఉందే" అని, మడిచి పొయ్యిలో వేసింది. తరవాత ఏడ్చింది. నాన్న భోజనానికి రాలేదు.

బాప్తిస్మం ఇరవై రెండున. సంఘంలో తప్పొప్పులు విచారించే డీకన్ వాలెంటైన్ కైమ్ ముందు రోజు శనివారం వచ్చి నన్ను విడిగా అడుగుతానని నాన్నకి కబురు పెట్టాడు. ఏమడుగుతాడో తెలుసు. నేను నిలబడి తీయించుకున్నానా, లేదా అని. నిజం చెబితే నన్ను ఈ ఏడు ఆపేస్తారేమో. నన్ను ఆపితే పెళ్ళి లేదు. ఈ ఆదివారం ఏడెన్ నా వైపు చూడలేదు. వాళ్ళమ్మ చూస్తోంది, అది ఇంకా కష్టంగా ఉంది.

ఎందుకు చేశావు? అది ఒక్కటి రాయి. ఇంకేం రాయకు.

రోజానా

---

కొలంబస్
సెప్టెంబరు 12

రోజానా,

ఎందుకంటే అది నేను చేసిన పనుల్లోకెల్లా మంచిది. అంతకంటే గొప్ప కారణం లేదు. డొరతీ చూసి కుర్చీలో కూలబడింది. నన్ను అలా మెచ్చుకున్నవాళ్ళు ఇంతవరకూ లేరు. నువ్వు కాల్చమన్నావని గుర్తుంది. గుర్తుండే ఇచ్చాను. నీ కడుపు మంట చల్లారేదాకా తిట్టు, పడతాను.

ఇప్పుడు నేను చెప్పేది చెయ్యి. ఈ ఉత్తరంతో పాటే డీకన్ వాలెంటైన్‌కి ఇంకోటి వేశాను. నువ్వు అటు తిరిగి జుట్టు దువ్వుకుంటుంటే నీకు తెలియకుండా, తలుపు సందులోంచి దొంగతనంగా తీశానని రాశాను. నీకేమీ తెలియదని, పత్రిక వచ్చేదాకా అసలు అలాంటి ఫోటో ఉందనే నీకు తెలియదని. తప్పంతా నాది. తప్పు నాదన్న మాట ఎలాగూ చాలావరకు నిజమే.

నువ్వు ఒక్క మాట కూడా మాట్లాడక్కర్లేదు. ఆయన అడిగితే తల ఊపు. నేను సంఘంలో ఎప్పుడూ లేను, నన్నేం చేయగలరు? నువ్వు బాప్తిస్మం తీసుకో, నవంబరులో పెళ్ళి చేసుకో. నీకు నేను బాకీ ఉన్నదల్లా ఇది.

వెర్నా

---

వాల్‌నట్ క్రీక్
సెప్టెంబరు 23

అక్కా,

నిన్న బాప్తిస్మం అయింది. మొదటినుంచీ రాస్తాను, ఎవరితోనైనా చెప్పాలి, నువ్వు తప్ప ఎవరూ లేరు.

శనివారం డీకన్ వచ్చేసరికే నీ ఉత్తరం ఆయన కోటు జేబులో ఉంది. నేను నోరు తెరవకముందే కళ్ళజోడు పెట్టుకుని మొత్తం చదివాడు. నాన్న గుమ్మంలో నిలబడి ఉన్నాడు. డీకన్ కాగితం మడిచి "అమ్మాయ్, మీ అక్క రాసింది నిజమేనా?" అన్నాడు. గొంతులో కోపం లేదు. కోపం ఉంటే నిజం చెప్పేదాన్నేమో. తల ఊపాను.

ఆయన నాన్నతో బయట మాట్లాడాడు. సొంత చెల్లెలి మీద, కన్నవాళ్ళ ఇంట్లోనే, తలుపు సందులోంచి అలాంటి పని చేసిన మనిషిని ఇకమీదట గడప దాటనివ్వకండి అన్నాడు. నాన్న "సరే" అన్నాడు. తరవాత కొట్టులోకి వెళ్ళి, ఎవరూ అడగని జీను ఒకటి విప్పి మళ్ళీ కుట్టాడు.

ఆదివారం మోకరించాం. డీకన్ భార్య అమాండా వచ్చి నా టోపీ ముడి విప్పి, తీసి పట్టుకుంది. ఆమె వేళ్ళు నా జుట్టుకి తగిలాయి. మెత్తగా, చిన్నపిల్లని ముట్టుకున్నట్టు ముట్టుకుంది, నేను అన్యాయం జరిగిన పిల్లనని కదా అందరి నమ్మకం. బిషప్ దోసిట్లో డీకన్ నీళ్ళు పోశాడు, మూడుసార్లు నా తల మీద పడ్డాయి. మెడ మీదుగా లోపలికి కారాయి. పక్కన లియానా సంతోషంతో ఏడుస్తోంది. నేనూ ఏడ్చాను, ఆమె లాగే అనుకున్నారు.

ఇంకా వినాలి నువ్వు. భోజనాలప్పుడు బల్లల దగ్గర కాఫీ పోస్తుంటే డీకన్ నన్ను ఆపి నవ్వాడు. "ఎందుకమ్మా అంత హడలిపోయావు? నువ్వే తీయించుకున్నానని చెప్పినా అప్పటికి నీ పాఠాలే మొదలుకాలేదు, నీ మీద ఏ కట్టుబాటూ లేదు. 'పిల్లతనం, తప్పయింది' అంటే అక్కడితో పోయేది. మేం కుర్రతనం చెయ్యలేదనుకున్నావా?" అన్నాడు. నా చేతిలో కాఫీ కూజా ఒలికింది. "జాగ్రత్త తల్లీ" అన్నాడు.

విన్నావా? అది తప్పే కాదు. ఇప్పుడు మాత్రం తప్పుంది. అబద్ధం నెత్తిన పెట్టుకుని నీళ్ళు పోయించుకున్నాను.

రోజానా

---

కొలంబస్
సెప్టెంబరు 27

నా చెల్లీ,

గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చాను. ఆ మేడమీది గదిలో నేనెప్పుడూ కూర్చోలేదు. అక్కడ ఏది తప్పో ఏది కాదో నాకు సగమే తెలుసు. ఆ సగంతో నిన్ను కాపాడబోయాను.

అయినా చెబుతున్నాను, నోరు విప్పకు. విప్పితే నిన్ను వెలివేస్తారు, ఆరు వారాలు. అమ్మతో ఒక బల్ల మీద తినలేవు. పెళ్ళి పోతుంది. నాకేం, ఆ గడప దాటకపోతే చచ్చిపోతానా? సంవత్సరానికి రెండుసార్లు వచ్చేదాన్ని, రాను, అంతే.

ఈ పై నాలుగు ముక్కలు రాయడానికి నాకు రెండు రోజులు పట్టింది. పనికి వెళ్ళలేదు. నాన్న "సరే" అన్న మాట దగ్గరే ఆగిపోతున్నాను. ఆయన ఏ గొంతుతో అన్నాడో రాస్తావా? వద్దులే, రాయకు.

పెళ్ళి చేసుకో. బాగుండు.

వెర్నా

---

వాల్‌నట్ క్రీక్
అక్టోబరు 15

అక్కా,

నీ మాట వినలేదు.

ప్రభురాత్రి భోజన ఆరాధనకి రెండు వారాల ముందు సంఘమంతా కూర్చుంటుంది కదా. ఒక్కొక్కరినీ అడుగుతారు, దేవుడితోనూ సంఘంతోనూ నీకు సమాధానం, సఖ్యత ఉందా అని. ఉందనాలి. అందరూ ఉందన్నారు. లియానా ఉందంది. నా వంతు వచ్చింది. ఉందని అనడానికే నోరు తెరిచాను, ఒట్టు. "లేదు" అని వచ్చింది. తరవాత మొత్తం చెప్పాను. నేనే అడిగి తీయించుకున్నానని, నా అక్క నా కోసం అబద్ధం రాసిందని, నేను తల ఊపానని. మోకాళ్ళ మీద కూర్చుని చెప్పాను. డీకన్ వాలెంటైన్ నేల చూపులు చూస్తూ ఉండిపోయాడు. ఆయన్ని చూస్తే నా మీద నాకే అసహ్యం వేసింది.

ఆరు వారాలు. నువ్వు చెప్పినట్టే.

నవంబరు రెండో గురువారం పెళ్ళి ఇక లేదు. ఏడెన్ తల్లి ఇంకో ఏడాది ఆగమంటోంది. ఆగమంటే మానమని. ఏడెన్ సోమవారం వచ్చి కంచె దగ్గర నిలబడ్డాడు, లోపలికి రాలేదు. "తల ఊపినప్పుడు నాతో ఒక్క మాట చెప్పొద్దా? మనిద్దరం ఒకే రోజు మోకరించాం" అన్నాడు. చెప్పి ఉండాల్సిందన్నాను. "నాకు కోపంగా ఉంది. ఎన్నాళ్ళుంటుందో తెలీదు" అని వెళ్ళిపోయాడు. మళ్ళీ వస్తాడో రాడో నాకు తెలియదు. వస్తాడని రాద్దామనుకున్నాను గానీ, అబద్ధాలతో విసిగిపోయాను.

నీ మీద కోపం పోలేదు. ఆ ఫోటో ఇచ్చినందుకు కోపం ఉంది, చాలాకాలం ఉంటుంది. దొంగతనంగా తీశానని రాసినందుకు మాత్రం కోపగించుకోలేకపోతున్నాను. అది రాస్తే తప్పంతా నీ నెత్తిన పడుతుందని తెలిసే రాశావు.

వంటింట్లో కిటికీ పక్కన నాకు వేరే చిన్న బల్ల వేశారు. అమ్మ అదే మొక్కజొన్న గంజి, అదే బీట్‌రూట్ పచ్చడి రెండు గిన్నెల్లో వేసి ఒకటి నా ముందు పెట్టి, ఇంకోటి పెద్ద బల్ల మీద పెడుతుంది. చేతికి చెయ్యి అందించకూడదు కాబట్టి బల్ల మీద పెట్టి వదిలేస్తుంది. రెండు అడుగుల దూరం. వాళ్ళు నా వైపు వీపు పెట్టి కూర్చుంటారు, చూస్తూ తినలేక. నిన్న అమ్మ సగంలో లేచి వెళ్ళిపోయింది.

నిన్ను గడప దాటనివ్వకూడదన్న మాట డీకన్ వెనక్కి తీసుకున్నాడు. దొంగతనం జరగలేదు కాబట్టి. నువ్వు ఆయనకి అబద్ధం రాశావు కదా, దాని గురించి నాన్న అడిగితే, "ఆమె మన చేతిలో లేదు, దేవుడి చేతిలో ఉంది" అన్నాడట. నాన్నే చెప్పాడు.

ఇంకా చెప్పాడు. పొద్దున నేను ఒక్కదాన్నీ తింటుంటే గుమ్మంలో నిలబడి, నా వైపు చూడకుండా అన్నాడు. "సంఘంలో ఉన్నవాళ్ళెవరూ నీతో కూర్చోకూడదు. వెర్నా సంఘంలో లేదు. దానికి రాయి."

ఈ లోయలో మన బంధువులు రెండు వందల మంది దాకా ఉన్నారు. నాతో ఒక బల్ల దగ్గర కూర్చుని తినగలిగిన ఎదిగిన మనిషివి నువ్వొక్కదానివే. వచ్చినా నీతో మాట్లాడతానో లేదో తెలియదు. గురువారం బస్సుకి రా.

రోజానా